పిలిస్తే పైకి చూడని మనిషి

మా నాయిన రైల్వేలో కీమ్యాన్‌గా చేసేవాడు. పొద్దున్నే సుత్తె, పానా, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని తనకు అప్పగించిన పట్టాల వెంట కిలోమీటర్ల కొద్దీ నడవాలి. వదులైన కీలను కొట్టి బిగించాలి. సాయంత్రం ఇంటికొచ్చి సైకిల్ గోడకు ఆనించి, చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చేవాడు. కొన్ని రోజులు మాత్రం వచ్చేవాడు కాదు. గేటు బయటే నిలబడి అమ్మను పిలిచేవాడు.

"నీళ్ళు బయట వెట్టు."

అమ్మ ఎందుకని అడిగేది కాదు. కాగిన నీళ్ళు ఇనుప బకెట్‌లో పోసి, లుంగీ, తువ్వాల తీసుకుపోయి వాకిట్లో పెట్టేది. మమ్మల్ని లోపలి అర్రలోకి పొమ్మనేది. నేనూ చెల్లీ అక్కడ కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకునే చప్పుడు వినేవాళ్ళం. ఒక్కోసారి ఆ చప్పుడు మధ్యలో ఆగిపోయేది. చాలాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. ఆ సందులో మేం ఊపిరి తీసుకోవడానికి కూడా జంకేవాళ్ళం. ఆ రోజు పట్టాల మీద ఎవరో పోయారనీ, పోలీసులు వచ్చేదాకా నాయిన ఆ పక్కన కావలి ఉన్నాడనీ మాకు ఎవరూ చెప్పలేదు. ఏ వయసులో తెలిసిందో కూడా గుర్తులేదు. కానీ తెలియక ముందు నుంచే ఆ బకెట్ అంటే భయం ఉండేది. మిగతా రోజుల్లో అదే బకెట్‌తో అమ్మ బర్రెకు కుడితి పెట్టేది.

దయ్యం కథల గురించి ఎవరైనా నాతో మాట్లాడితే నాకు ముందు ఆ బకెట్ గుర్తొస్తుంది. ఇరవై ఏళ్ళుగా నల్లగొండ చుట్టుపక్కల బళ్ళలో ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ కథలను పిల్లలకు మన మాటల్లో చెప్పుకుంటూ వచ్చాను. కథలో భయం ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీద నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఇప్పుడు మన దగ్గర వస్తున్న చాలా హారర్ కథలు తప్పుదారిలో పోతున్నాయని అనిపిస్తుంది కాబట్టి దాన్ని రాయాలనుకున్నాను.

చార్లెస్ డికెన్స్ ‘ది సిగ్నల్‌మ్యాన్’ కథను 1866 క్రిస్మస్ కోసం రాశాడు. డిగ్రీలో ఉండగా మొదటిసారి చదివాను. కథ ఒక కేకతో మొదలవుతుంది. లోతుగా తవ్విన కటింగ్ అడుగున, తన గది ముందు, చుట్టిన జెండా చేతిలో పట్టుకుని సిగ్నల్‌మ్యాన్ నిలబడి ఉంటాడు. సరిగ్గా అతని తల మీదుగా, గట్టు పైనుంచి, ఒక బాటసారి "ఓయ్, కింద!" అని పిలుస్తాడు. పైనుంచి పిలుపు వస్తే ఎవరైనా తలెత్తి చూస్తారు. ఈ మనిషి చూడడు. వెనక్కి తిరిగి పట్టాల వెంట, సొరంగం ఉన్న దిక్కుకు చూస్తాడు.

కథ అక్కడికి ఇంకా పది వాక్యాలు కూడా కాలేదు. దయ్యం రాలేదు, ఎవరూ చావలేదు. పిలిచినవాడు మంచివాడే, ఊరికే మాట్లాడదామని పిలిచాడు. అయినా చదువుతున్న మనకు వెన్నులో ఏదో కదులుతుంది. ఇదే కేక అతను ఇంతకుముందు ఇంకెవరి నోటో విన్నాడు. ఆ ఇంకెవరో నిలబడే చోటు సొరంగం నోటి దగ్గర. ఈ సంగతి మనకు తర్వాత చాలా పేజీలకు గాని తెలియదు. డికెన్స్ కారణాన్ని దాచి, దాని ఫలితాన్ని ముందు చూపించాడు. అదీ ఒక్క మెడ తిప్పడంతో.

డికెన్స్‌కు రైలంటే ఊహ కాదు. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర అతను ఎక్కిన రైలు పట్టాలు తప్పింది. వంతెన మీద మరమ్మతు కోసం పట్టాలు తీసి పెట్టారు. మేస్త్రీ టైంటేబుల్ చూసుకోవడంలో పొరబడ్డాడు. జెండా పట్టుకున్న మనిషి నిలబడాల్సిన దూరంలో సుమారు సగం దూరంలోనే నిలబడ్డాడు. పదిమంది చనిపోయారు. డికెన్స్ ఉన్న పెట్టె వంతెన అంచున వేలాడింది. అతను దిగి, గాయపడ్డవాళ్ళకు నీళ్ళు పట్టిస్తూ తిరిగాడు. ఏడాదిన్నర తర్వాత ఈ కథ రాశాడు. సరిగ్గా ఐదేళ్ళకు, 1870లో, అదే జూన్ 9న పోయాడు. ఈ చివరి సంగతి మా నాయినకు చెబితే కాసేపు మాట్లాడలేదు. కాకతాళీయం అన్న మాట నేను వాడబోయి ఊరుకున్నాను.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్, మా ఈ రెండు జిల్లాలకూ ఇలాంటి రాత్రులు ఉన్నాయి. 1956 సెప్టెంబర్‌లో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేస్తానంటే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబర్‌లో అరియలూరు ప్రమాదం జరిగాకే ఆ రాజీనామా ఆమోదం పొందింది. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయి, సికింద్రాబాద్ పోయే డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. అక్కడా వందమందికి పైగానే. రెండు చోట్లా పోయింది వంతెనే. వలిగొండ తర్వాత చాన్నాళ్ళు, రాత్రి వాన చినుకు రేకుల మీద పడితే చాలు మా నాయిన లేచి కూర్చునేవాడు. డ్యూటీ లేని రోజు కూడా. టార్చి దిండు కిందే ఉండేది.

ఆ చనిపోయినవాళ్ళ మీద దయ్యం కథలు కట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ ప్రమాదాల గురించి చెప్పింది వాన సంగతి ఎత్తడానికి. రేకుల మీద పడిన ఆ వాన భయపెట్టింది. ఎందుకంటే ఆ వానకీ, మంచం మీద లేచి కూర్చున్న మనిషికీ ఒక లెక్క ఉంది. మన హారర్ కథల్లో పడే వానకు ఎవరితోనూ లెక్క ఉండదు. అది ఉరుముతుంది, మెరుస్తుంది, కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, కుక్క ఏడుస్తుంది, కరెంటు పోతుంది. చదివేవాడికి ఏమీ కాదు.

ఈ చిక్కులో మన భాషకు కూడా కొంత భాగం ఉందని నాకు అనుమానం. ఒక చోట అలుముకున్న మూడ్‌నూ, ఆకాశంలో ఎండావానలనూ మనం ఒకే మాటతో ‘వాతావరణం’ అంటాం. "కథలో వాతావరణం బాగా కుదిరింది" అని సమీక్షల్లో రాస్తాం, "రేపటి వాతావరణం" అని వార్తల్లో వింటాం. దాంతో భయానక వాతావరణం కావాలంటే ముందు మబ్బులు పట్టించాలని చాలామంది నమ్ముతున్నారు. కథ రాశానని నాకు చూపించే కుర్రాళ్ళలో పదిమందిలో ఏడుగురు అమావాస్య రాత్రితోనే మొదలుపెడతారు. వాళ్ళలో కొందరు మంచి రచయితలు. నీళ్ళు పడే చోటు వదిలేసి ఇంకెక్కడో తవ్వుతున్నారని బాధ.

కిందటేడు పదో తరగతి పిల్లలకు డబ్ల్యూ. డబ్ల్యూ. జాకబ్స్ రాసిన ‘ది మంకీస్ పా’ చెప్పాను. 1902 నాటి కథ. హిందుస్తాన్‌లో ఒక ఫకీరు మంత్రించిన ఎండు కోతిచెయ్యి ఒక ముసలి దంపతుల ఇంటికి చేరుతుంది. మూడు కోరికలు తీరుస్తుంది. తండ్రి రెండు వందల పౌండ్లు కోరుకుంటాడు. మరునాడు కొడుకు పనిచేసే ఫ్యాక్టరీ నుంచి మనిషి వస్తాడు. కొడుకు మిషన్‌లో పడి చనిపోయాడు, పరిహారం రెండు వందల పౌండ్లు.

కథలో వాన ఉంది. మొదటి వాక్యంలోనే బయట చలి, తడి. కానీ ఆ వాన బయటే ఉంటుంది. లోపల నిప్పు మండుతూ ఉంటుంది, తండ్రీకొడుకులు చదరంగం ఆడుతుంటారు, తల్లి అల్లిక పని చేసుకుంటుంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు. జాకబ్స్ ఆ ఇంటిని మనం ఇష్టపడేలా చేశాడు. నాకు మాత్రం ఈ కథలో అసలు ప్రాణం పోయేది ఆ మరునాటి పగలు. ఫ్యాక్టరీ మనిషి గేటు దాకా వచ్చి ఆగుతాడు. ముందుకు వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చి ఆగుతాడు. అలా మూడుసార్లు. నాలుగోసారి గేటు మీద చెయ్యి వేసి, తెగించినట్టు తోసుకుని వస్తాడు. తల్లి కిటికీలో నుంచి ఇదంతా చూస్తుంది. అతని తల మీద కొత్తగా మెరిసే సిల్క్ టోపీ. రెండు వందల పౌండ్లు మనసులో మెదిలి, ఆమె గబగబా నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పి కుర్చీ దిండు కింద దాస్తుంది.

ఆ ఏప్రన్ దగ్గర నేను ఆగాను. ఎందుకు దాచిందని అడిగాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, "పెద్దమనిషి వస్తుండు గద సార్, మంచిగ కనవడాలని" అన్నాడు. వాళ్ళ నాన్న మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లులో పనిచేస్తాడు. "మా దిక్కు గూడ అట్లనే వస్తరు సార్. గేటు కాడ నిలబడి ఫోన్ మాట్లాడుతున్నట్టు చేస్తరు. లోపలికి రారు" అని కూర్చున్నాడు. క్లాసులో చప్పుడు లేదు. మంచిగా కనబడదామని ఒక తల్లి ఏప్రన్ దాస్తుంటే, కొడుకు చావు వార్త గేటు దగ్గర తచ్చాడుతోంది. పౌర్ణమీ అమావాస్యా అక్కర్లేదు. మిట్టపగలు, ఒక ఏప్రన్, ఒక కొత్త టోపీ.

ఇక రెండో కోరిక. పది రోజుల తర్వాత తల్లి, కొడుకు బతికి రావాలని కోరుకోమంటుంది. తండ్రి కోరతాడు. ఏమీ జరగదు. కొవ్వొత్తి ఆరిపోతుంది. ఇద్దరూ పడుకుంటారు. అప్పుడు తలుపు మీద మెల్లగా ఒక చప్పుడు. తల్లి లేచి పరుగెడుతూ అనే మాట ఏమిటంటే, శ్మశానం రెండు మైళ్ళ దూరంలో ఉందన్న సంగతి మర్చిపోయానని. అంటే, అందుకే ఇంత ఆలస్యమైంది, నడిచి రావాలి కదా అని. ఆమెకు అది సంతోషం. మనకు మాత్రం ఆ రెండు మైళ్ళు ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంటాయి. మిషన్‌లో నలిగి, పది రోజులు మట్టిలో ఉన్న ఒక శరీరం, చీకట్లో, ఒక్కో అడుగు వేసుకుంటూ. జాకబ్స్ ఆ నడకను ఒక్క మాటలో కూడా వర్ణించలేదు. దూరం చెప్పాడు. మిగతా లెక్క మనం వేసుకున్నాం. ముందు బెంచీలో అమ్మాయి నెమ్మదిగా, "సార్, పది రోజులైంది గద సార్" అంది. ఇంకేమీ అనలేదు. ఈలోగా తండ్రి మూడో కోరిక కోరేస్తాడు. తలుపు తీసేసరికి బయట ఎవరూ ఉండరు. ఖాళీ రోడ్డు, వీధి దీపం. వచ్చినవాడు ఎలా ఉన్నాడో జాకబ్స్ చివరికీ చూపించడు. చూపించి ఉంటే ఆ కథను నూట ఇరవై ఏళ్ళుగా ఎవరూ చెప్పుకునేవారు కాదని నా నమ్మకం.

మా నాయనమ్మకు డికెన్స్ తెలియదు, జాకబ్స్ తెలియదు. కానీ ఆమె చెప్పిన కథలో కూడా దయ్యానికి కోరలు, గోళ్ళు, విరబోసుకున్న జుట్టు ఉండేవి కావు. ఆమెకు అన్న అయ్యే ఒకాయన బండి కట్టుకుని దేవరకొండ అంగడికి పోతుంటాడు. మిట్టమధ్యాహ్నం. దారిలో చింతచెట్టు కింద ఒకామె నిలబడి, "అన్నా, జరంత సున్నం ఉంటే వెట్టు" అని అడుగుతుంది. మా పల్లెల్లో ఆకువక్క నమిలేవాళ్ళు దారిన పోయేవాళ్ళను సున్నం అడగడం చాలా మామూలు. ఆయన బండి ఆపి, డబ్బీ తీసి, వేలితో సున్నం తీశాడు. నాయనమ్మ ఇక్కడ తన సున్నం డబ్బీ మూత తీసేది, నిజంగానే. గోటితో కొంచెం తీసి, ఆకుకు రాసుకుంటూ, మా వైపు చూడకుండా అనేది:

"సున్నం అడిగింది గని బిడ్డా, ఆమె చేతిల ఆకు లేదు."

అంతే. తర్వాత ఆయన బండి తోలుకుని వచ్చేశాడనీ, మూడు రోజులు జ్వరం వచ్చిందనీ ఏదో చెప్పేది. అది మాకు పట్టేది కాదు. ఆకు లేని చెయ్యే గుర్తుండేది. ఈ రోజుకీ గుర్తుంది.

అది మధ్యాహ్నం జరిగిందన్నది కూడా ముఖ్యం. మన భయం రాత్రిదే అనుకోవడం పక్కా అరువు సరుకు. పొగమంచు, పాడుబడ్డ కోట, చలిమంట, అవి పుట్టిన దేశంలో వాటికి అర్థం ఉంది. మాది ఎండ దేశం. ఏప్రిల్ చివర రెండు గుట్టల మధ్య చెలకలో పన్నెండు గంటలకు ఒక్కరే నిలబడి చూడండి. గాలి ఉండదు. తాటిచెట్ల నీడలు మొదట్లోకి కుంచించుకుపోతాయి. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దాచుకుని కదలకుండా ఉంటాయి. దూరంగా ఎక్కడో నడుస్తున్న బోరు మోటర్ చప్పుడు మీరు విన్నట్టే మీకు తెలియదు, అది ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. పాలమూరు వైపు వలసపోయిన ఇళ్ళ వరస ఉంటే, తాళాలన్నీ ఎండకు మెరుస్తుంటాయి. ఇంత సరుకు కళ్ళ ముందు పెట్టుకుని గబ్బిలాల కోసం వెతకడం దేనికి?

ఎడ్గర్ అలెన్ పో మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఒక మాట అనాలి. 1839లో అతను రాసిన ‘అషర్’ ఇంటి కథ మొదట్లో దిగులు రోజు, దిగులు మబ్బు, దిగులు ఇల్లు వరసగా వస్తాయి. అతని చేతిలో అది నిలబడింది. దాన్ని చూసి రాసినవాళ్ళ చేతుల్లో మాత్రం వట్టి విశేషణాల మూట అయిపోయింది. కథలో ప్రతి మాటా ఒకే ముద్ర కోసం పనిచేయాలని 1842లో చెప్పింది కూడా పోనే. ఆ మాటకు సరైన ఉదాహరణ ‘ది టెల్‌టేల్ హార్ట్’. చంపి నేల కింద పెట్టినవాడి గుండె చప్పుడు హంతకుడికి వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎలా ఉందంటే, దూదిలో చుట్టిన గడియారం లాగా అంటాడు. దూది, గడియారం. రెండూ ఇంట్లో ఉండేవే. ఆ పోలిక చదివిన రాత్రి నా చేతిగడియారం తీసి వేరే గదిలో పెట్టాను.

ఎం. ఆర్. జేమ్స్ ఇంకా పొదుపరి. కేంబ్రిడ్జిలో క్రిస్మస్ రాత్రులు మిత్రులకు చదివి వినిపించడానికి కథలు రాసేవాడు. మనుషుల్ని ముందు వాళ్ళ మామూలు పనుల్లో, ఏ బెంగా లేకుండా చూపించాలనీ, ఆ ప్రశాంతతలోకి కీడు మెల్లగా తల పెట్టాలనీ ఆయన ఒక చోట రాశాడు. 1904లో అచ్చయిన ఒక కథలో ఆయన ప్రొఫెసర్ సముద్రం ఒడ్డున సత్రంలో దిగుతాడు. గదిలో రెండు మంచాలు. ఆయన ఒక్కడే. పొద్దున పనిమనిషి వచ్చి, అదనపు దుప్పటి ఏ మంచం మీద వేయమంటారని అడుగుతుంది. రాత్రి రెండు మంచాల మీదా ఎవరో పడుకున్నట్టే పక్కలు నలిగి ఉన్నాయి మరి. ఆమె గొంతులో భయం లేదు. దుప్పటి ఎక్కడ వేయాలన్నదే ఆమె బాధ. ఆ మాట ఆమెతో కాక ప్రొఫెసర్‌తో అనిపించి ఉంటే సగం బలం పోయేది.

ఇవన్నీ పరాయి దేశాల కథలు, మన గడ్డ మీద ఇది కుదరదు అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు టాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణ్’ చూపిస్తాను. అందులో కథ చెప్పేవాడు ఎవరనుకున్నారు? హైదరాబాద్ నిజాం సర్కారులో చేరిన ఉద్యోగి. పత్తి మీద పన్ను వసూలుకు అతన్ని బరీచ్ అనే చోటుకు పంపుతారు. ఊరు కల్పితమే, కొలువు మాత్రం మనదే. నది ఒడ్డున నూటయాభై మెట్ల పైన పాలరాతి మహలు. పగలు అతను పత్తి లెక్కలు రాసుకుంటాడు. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే, వెనక ఆడవాళ్ళు కేరింతలతో నదిలోకి పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నీళ్ళు కదలవు. మరునాడు మళ్ళీ పత్తి లెక్కలు. ఆ లెక్కల పుస్తకం లేకపోతే ఆ అడుగులకు బరువు ఉండదు. కథ కూడా రైల్వే జంక్షన్‌లో బండి కోసం ఎదురుచూస్తూ చెప్పుకున్నదే. అసలు రహస్యం మొదలుపెట్టే వేళకు రైలు వచ్చేస్తుంది. చెప్పేవాడు ఎక్కి వెళ్ళిపోతాడు. నల్లగొండ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఈ ముగింపు చదివిన రోజు, నా బండి వచ్చినా నాకు తెలియలేదు.

పానగల్లు గుడి గురించి చెప్పకుండా ఈ మాటలు ముగించలేను. నల్లగొండ పక్కనే, ఉదయసముద్రం చెరువు దగ్గర ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలం నాటిది. ఒక గర్భగుడిలో లింగం మీద స్తంభం నీడ నిలువునా పడుతుంది. పొద్దున పోయినా, మధ్యాహ్నం పోయినా అదే చోట. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. పోయినసారి మా మేనకోడలిని తీసుకుపోయాను. ఎనిమిదేళ్ళ పిల్ల. నీడను చూసి, వెంటనే వెనక్కి తిరిగి, అది ఏ స్తంభానిదో వెతకడం మొదలుపెట్టింది. ఒక్కో స్తంభం దగ్గరికి పోయి నిలబడి, చేతులు చాచి, "మామా, మారిందా?" అని అరుస్తుంది. మారలేదు. ఐదు స్తంభాల తర్వాత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పోదాం మామా" అంది.

దాని వెనక శాస్త్రం ఉంది. లోపలికి ఎండ నేరుగా పడదు. బయటి నుంచి చెదిరి వచ్చే వెలుతురు స్తంభాల మధ్యగా లోపలికి వచ్చి, ఒకటి కంటే ఎక్కువ స్తంభాల నీడలు ఒకే చోట కలుస్తాయి. పిల్లకు బయట గట్టు మీద కూర్చోబెట్టి, కట్టెపుల్లలతో గీసి చూపించాను. అర్థమైందంది. మళ్ళీ లోపలికి పోదామా అంటే మాత్రం వద్దంది. భయానక కథ రాసిన పెద్దలు పట్టుకున్నది ఇదేనని నాకు అనిపిస్తుంది. నీడను స్పష్టంగా చూపిస్తారు, అంచులతో సహా. స్తంభాన్ని వెతుక్కోమని మనకు వదిలేస్తారు. ఇప్పటి కథకులు చాలామంది స్తంభాన్ని తెచ్చి మన మీద పడేస్తున్నారు. తెగిన తల, కారే రక్తం, చివరి పేరాలో పాత పగ, పేరూ ఊరూతో సహా దయ్యం వివరాలు. చదవడం అయిపోగానే అన్నం తిని పడుకోవచ్చు.

పేరు పెట్టడం గురించి ఇంకో మాట. ఇది నాకు కథల కంటే ముఖ్యం. పాలమూరు, మెదక్, రంగారెడ్డి పల్లెల్లో బాణామతి అన్న మాట ఎన్ని ప్రాణాలు తీసిందో పాత పత్రికలు తిరగేసినవాళ్ళకు తెలుసు. ఊళ్ళో పశువులు చచ్చాయి, పిల్లకు జ్వరం తగ్గలేదు, ఎవరికో పూనకం వచ్చింది. కారణం తెలియని భయం ఊరంతా తిరుగుతుంది. అంతలో ఎవరో ఒక పేరు అంటారు. ఒంటరి ముసలమ్మ, లేదంటే వెనక నిలబడేవాళ్ళు లేని మనిషి. మంత్రాలు పలకకుండా పళ్ళు ఊడగొట్టారు, చెట్టుకు కట్టి కొట్టారు, తగలబెట్టారు. అక్కడ జరిగింది కూడా ఒక రకంగా కథ చెప్పడమే. నీడకు యజమానిని చూపించిన కథ అది.

దయ్యం కథలు చదివితే మూఢనమ్మకాలు పెరుగుతాయని స్టాఫ్‌రూంలో నాతో వాదించే మిత్రుడున్నాడు. మంచివాడు, ఊళ్ళు తిరిగి నిప్పుల మీద నడిచి చూపించి బాబాల గుట్టు విప్పేవాడు. అతనితో నేను ఒప్పుకోను. ‘సిగ్నల్‌మ్యాన్’ చదివిన ఎవరూ పక్కింటివాళ్ళను అనుమానించలేదు. పేరు లేని భయం చదివినవాడి లోపలే తిరుగుతుంది, వాడినే ప్రశ్నలు అడుగుతుంది. పేరు పెట్టిన భయం ఎవరి గడపకో పోతుంది. ఫలానా కులపు ముసలిది, ఫలానా వాడకట్టు మంత్రగాడు అని చూపించే కథలు, సీరియళ్ళు ఉన్నాయి చూడండి, నా కోపం వాటి మీద. అవి భయానక కథలు కావు, చాడీలు.

షర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ 1948లో అచ్చయినప్పుడు పాఠకులు కోపంతో పత్రికకు కుప్పలుగా ఉత్తరాలు రాశారు. తేటగా ఎండ కాస్తున్న జూన్ పొద్దున, ఊరివాళ్ళు ఒక చోట చేరుతుంటారు. మగవాళ్ళు వానలు, ట్రాక్టర్ల గురించి మాట్లాడుకుంటారు. పిల్లలు నున్నటి రాళ్ళు ఏరి జేబుల్లో నింపుకుంటారు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఆ ఊళ్ళో దయ్యం లేదు, మంత్రం లేదు. ఇరుగుపొరుగు ఉన్నారు. ఈ కథను బాణామతి పేరు వినని ఊళ్ళో చెప్పినప్పుడు పిల్లలు "ఎందుకు సార్, ఎందుకు?" అని అడిగారు. ఆ పేరు తెలిసిన ఊళ్ళో చెప్పినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.

మా నాయిన రిటైరై చాలా ఏళ్ళయింది. కళ్ళు సరిగ్గా కనబడవు. ఈ వ్యాసం రాద్దామనుకున్నాక ఒక సాయంత్రం, వాకిట్లో మంచం వేసుకుని పడుకుని ఉంటే, పక్కన కుర్చీ వేసుకుని ‘సిగ్నల్‌మ్యాన్’ మొత్తం మన మాటల్లో చదివి వినిపించాను. సొరంగం దగ్గర కనబడే మనిషి గురించి చెప్పినప్పుడు ఆయనకు పెద్దగా పట్టలేదు.

"ఆ గుంతల ఒక్కడే డ్యూటీనా?" అన్నాడు.

"ఒక్కడే నాయినా."

"రాత్రంతనా?"

"అవును."

ఇంకాసేపటికి, సిగ్నల్‌మ్యాన్ తన గోడు చెప్పుకునే చోటు వచ్చింది. ఏదో జరగబోతోందని అతనికి తెలుసు. ప్రమాదం అని తంతి కొట్టవచ్చు. కొడితే, ఏం ప్రమాదం, ఎక్కడ అని తిరిగి అడుగుతారు. ఏమని చెప్పాలి? నాయిన లేచి కూర్చున్నాడు.

"కిలోమీటర్ నెంబర్ చెప్పాలె గదా. చెప్పకుంటే బండి ఆపరు. చెప్పి ఆపినంక ఆడ ఏం లేకుంటే..."

ఆగాడు. నేను మిగతాది చదివాను. కథ అయిపోయింది. దోమలు మొదలయ్యాయి. లేద్దామా అంటే వద్దన్నాడు.

"మొదట్ల పైనుంచి పిలిచిన కాడ ఇంకోసారి చదువు."

చదివాను. పిలవడం, అతను వెనక్కి తిరగడం, సొరంగం దిక్కు చూడడం.

"పైకి చూడలే," అన్నాడు నాయిన, తనలో తనే.

లోపలి నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. నాయిన తల తిప్పి గేటు వైపు చూశాడు.